సింకు కింది అర

సల్వాల రెండంతస్తుల ఇల్లు.
వంటింటి అల్మారీలకు ఆరు తలుపులు.
నడుమ చెక్క తీసి అద్దం పెట్టాలె.
బంగారు అంచు కప్పులు కొన్నరట,
తలుపు తెరువకుండనే కనవడాలెనట.

షువైఖ్‌ల మా షాపు నుంచి
నాలుగు మిల్లీల అద్దాలు దుప్పట్ల నడుమ పండవెట్టి
సిగ్నల్ పడ్డప్పుడల్లా ఎనుకకు సూస్కుంట తెచ్చిన.

గుల్ జమాన్ ఉస్తాద్ నేర్పిన మాట ఒక్కటే:
"అద్దాన్ని బిగియకు బేటా.
సుట్టూ రెండు మిల్లీలు ఇడిసిపెట్టు.
ఎండకాలం వీళ్లు ఏసీ బందువెట్టి దేశాలు తిరుగవోతరు,
చెక్క ఉబ్బుతది.
జాగ లేకుంటే పగిలేది చెక్క కాదు."

నాలుగు తలుపులు సాఫీగ అయినయి.
తీసిన చెక్కలు ముక్కలు చేసి సంచిల వేసిన.
ఐదోది ఇప్పి జంపఖానా మీద బోర్లిస్తే
లోపలి దిక్కు పెన్సిల్ గీతలు.
కండ్లద్దాలు పెట్టుకున్న.
తెలుగు.

*ఎవరొస్తే వాళ్లకి.*
*టీలో పంచదార అర చెంచా.*
*పెద్దబ్బాయి అరుస్తాడు గానీ కొట్టడు.*
*చిన్నబ్బాయి గదికి ఒక్కదానివే వెళ్లకు.*
*శుక్రవారం పదింటిదాకా లేవరు, ఇంటికి ఫోను అప్పుడే.*
*మసాలా డబ్బాల వెనక ఆవకాయ ఉంది, వాడుకో తల్లీ.*

పేరు లేదు. తారీఖు లేదు.
కింద ఇంకో చెయ్యి, చెక్క గుంతపడేటట్టు నొక్కి:

*ముసలామె కాళ్లు పిసికితే ఏడుస్తాది, బయపడొద్దు.*
*జీతం మూడో తేదీ పొద్దున అడుగు, రేత్రి అడగొద్దు.*

రూటర్ చేతుల మోగుతనే ఉంది.
స్విచ్ ఆపిన.
నురగ చేతులతోని ఓబులమ్మ గడపల నిలవడ్డది.
"యాడబ్బా మీది?"
"కోరుట్ల."
"మాది రాయచోటి కాడ. కిందియి రెండూ నేను రాసినవే.
పైది ఎవురో తెలీదు. నేనొచ్చేసరికే ఆయమ్మ పొయ్యింది.
ఊరగాయ మాత్రం ఉన్నింది. బూజు పట్టి."
నవ్వింది. మల్ల నవ్వలే.
"దాన్ని సదువుకుంటానే మొదటి ఆర్నెల్లు గడిపినా."

రూటర్ పక్కకు వెట్టి
సన్నపళ్ల రంపం తీసిన.
కాల్చిన చేపల ముల్లు తీసినట్టు
గాడి ఎంబడి మెల్లగ, మెల్లగ.
ఒక్క అక్షరం తెగలే.
"ఊరికి తీస్కపోతవా?"
"నేనేం జేసుకుంటా, నాకు నోటికొచ్చు.
పద్నాలుగో తేదీ టికెట్టు నాది.
నా ఎనక వచ్చేది ఏ ఊరిదో, ఏమో."

ఇద్దరం వంటిల్లంత ఎతికినం.
అన్నీ అద్దాలే అయితున్నయి.
సింకు కింద అర నీళ్లకు నాని గుల్లయింది,
దాని మాట మేడం చెప్పలే, బిల్లుల లేదు.
టేపు వట్టి కొలిస్తే వేలెడు ఎక్కువ.
కొస కోసి, రాత కిందికి చేసి
రెండు పట్టీల మీద కూసోవెట్టిన.
నిలవడ్డోళ్లకు కనవడది.
మోకాళ్ల మీద వంగి మూలలు తుడిచేటామె
తల జర పైకి లేపితే దొరుకుతది.

మిగిలినయి ఎప్పటి లెక్కనే.
సిలికాన్ సన్నంగ ఒక ధార, బీడింగు, పిన్ను మొలలు,
అద్దం మీద టేపు గుణకారం గుర్తు లెక్క.
సామాను సదురుకునే ముందట
చెవి మీది పెన్సిల్ తీసి
సింకు కిందికి ఎల్లెలుకల దూరిన.
పైపు నుంచి చుక్క నుదుటి మీద వడ్డది.
ఆడోళ్ల నడుమ నా రాత ఎందుకని జరసేపు ఆగి,
రాసిన:

*కొత్త అద్దాలు. పొడిబట్ట చాలు.*
*తలుపేస్తే గలగలమంటయి, పగిలినట్టు కాదు.*
*కావాలనే జాగ ఇడిసిన.*

మేడం వచ్చింది. కప్పుల దిక్కు సూసి "జైన్" అన్నది.
ఐదో తలుపు మీద వేలిముద్ర సూపెట్టింది.
నాదే.
తుడిసిన.